రిమార్కుల గడి

ఊరి చివర, చెరువుకి ఎదురుగా, మూడంతస్తుల మేడ ఒకటుంది. దాని నుదుటి మీద 'పర్యావరణ మార్పు, పర్యవేక్షణ, నిర్వహణ కేంద్రం' అని ఇత్తడి అక్షరాలు మెరుస్తుంటాయి. అక్కడ ఎం.ఎస్సీ. చదవడానికి వచ్చిన పిల్లలు మొదటి నెలంతా ఆ మూడు మాటలనీ భయభక్తులతో పలుకుతారు. రెండో నెలకి తత్వం బోధపడుతుంది. మార్పు ఉందని పైకి అనడం అక్కడ మర్యాద కాదు. పర్యవేక్షణ సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. ఇక మిగిలింది నిర్వహణ. దాన్ని కేంద్రం అధిపతి ఇంకెవరి చేతికీ ఇవ్వరు. కుర్చీలు ఎటు తిరిగి ఉండాలన్న దగ్గర్నుంచి అతిథులకి ఏ కప్పుల్లో టీ ఇవ్వాలన్నదాకా అంతా ఆయన కనుసన్నల్లోనే నడవాలి.

ఆయన్ని పిల్లలు చాటుగా 'సగటు సార్' అంటారు. ఏ బ్యాచ్ వాళ్లు పెట్టిన పేరో ఎవరికీ గుర్తులేదు గానీ అది ఆయనకి అతికినట్టు సరిపోయింది. హాస్టల్ భోజనం ఒకరోజు మాడిపోతోందనీ, మర్నాడు పచ్చిగా ఉంటోందనీ పిల్లలు మొరపెట్టుకుంటే, "సగటున బాగానే ఉడుకుతోంది కదా" అని పంపించేసిన మనిషి ఆయన. చెడ్డవాడని చెప్పడానికి నోరు రాదు. ఎవర్నీ కసిరింది లేదు. కాకపోతే లోకం ఒక గీతలా తిన్నగా ఉండాలని ఆయన కోరిక, ఆ కోరిక తీరకపోతే తప్పు లోకానిదేనని నమ్మకం.

ఆయనకి పేరు తెచ్చింది ఆ చెరువే. ఇరవయ్యొక్కేళ్లుగా సోమవారం సోమవారం దాని నీటిమట్టం కొలిచి కేంద్రానికి పంపుతున్నారు. ఎండల్లో నలభై సెంటీమీటర్లు, వానల్లో రెండొందలు, ఏడాది సగటు నూట ఇరవై. మరుసటి ఏడూ నూట ఇరవై. ఆ మరుసటి ఏడూ అంతే. లోకంలో చెరువులన్నీ ఎండిపోతున్నాయని అందరూ గుండెలు బాదుకుంటుంటే ఈ ఒక్క చెరువు మాత్రం చెక్కు చెదరకుండా ఉందని ఆయన పరిశోధనాపత్రం రాశారు. దానికి బహుమతి వచ్చింది. ఆ గీతని పెద్దది చేయించి, అద్దాల చట్రంలో బిగించి, కేంద్రం హాలులో తగిలించారు. పిల్లి మీసం నుంచి పీకిన వెంట్రుకలా ఎంత తిన్నగా ఉందో ఆ గీత.

వచ్చిన చిక్కల్లా ఊళ్లో జనంతోనే. చెరువు తగ్గిపోతోందని వాళ్లు సణుగుతూనే ఉన్నారు. సార్ దాన్నీ వదల్లేదు. నాలుగువందల మందిని అడిగించారు. మూడొందల ఎనభై ఎనిమిది మంది తగ్గిందనే చెప్పారు. 'ఈ ఊరి జనాభాలో నూటికి తొంభై ఏడుగురు చెరువు విషయంలో భ్రమలో ఉన్నారు' అని ఆయన తేల్చారు. రెండో బహుమతి దానికి వచ్చింది.

ఆ భ్రమ చివరికి చిట్టి నెత్తిన పడింది. చిట్టి ఆ ఊరి దర్జీ కూతురు, కేంద్రంలో ఎం.ఎస్సీ. ఆఖరి ఏడాది. ఇంట్లో పిలిచే పేరే క్లాసులోనూ నిలిచిపోయింది. సిద్ధాంత వ్యాసానికి విషయం ఏమిటని ఆమె అడగబోయేలోపే సార్ కాగితం మీద రాసిచ్చేశారు: 'చెరువు తగ్గిందన్న ప్రజల భ్రమకు కారణాలు.' వ్యాసం మీద ఆయన సంతకం కావాలి. సంతకం అయితే మౌఖిక పరీక్ష, పరీక్ష అయితే డిగ్రీ, డిగ్రీ కాగితం చూపిస్తే నీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం. ఉద్యోగం వాళ్లు ఈ ఎండాకాలం చివరిదాకా ఆగుతామన్నారు, ఆపైన ఒక్కరోజు కూడా కుదరదన్నారు. ఈ వరసలో ఏ ఒక్కటి తప్పినా రెండేళ్ల చదువూ నీళ్లపాలే. ఆ చెరువులో నీళ్లున్నాయో లేవో అన్నది వేరే సంగతి.

చిట్టి బుద్ధిగా భ్రమకి కారణాలు వెతికింది. ఎండ తీవ్రత వల్ల కళ్లు చెదరడం, పాత ఫోటోలు చూసి బాధపడే అలవాటు, పెద్దవాళ్లకి గతమంతా గొప్పగా కనిపించడం. ఇలా ఐదు అధ్యాయాలు నింపింది. రాస్తున్నప్పుడల్లా ఆమెకి ఒక్కటే గుర్తొచ్చేది. చిన్నప్పుడు చెరువు మెట్ల మీద ఏడో మెట్టు దగ్గర అమ్మ తన కాళ్లు కడిగేది. ఇప్పుడు ఏడో మెట్టు దగ్గర మేకలు పడుకుంటున్నాయి. సార్‌ని అడిగితే, 'బాల్యస్మృతి' అని ఇంకో కారణం రాసుకోమన్నారు.

సార్ గది కిటికీలోంచి చెరువు బాగా కనిపిస్తుంది. ఆ గది ఇప్పుడు మూడో అంతస్తులో ఉంది. కేంద్రం కట్టిన కొత్తలో కింద ఉండేదట. మధ్యలో ముళ్లపొదలు లేచి నీళ్లు కనబడకపోతే మొదటి అంతస్తుకి మార్చారు, అక్కడా కనబడకపోతే రెండోదానికి. ఎందుకు మారుస్తున్నారని అడిగినవాళ్లకి పైన గాలి బాగా వస్తుందని చెప్పేవారు.

ఒక సాయంత్రం చిట్టి ఆ ఘనమైన గీత బొమ్మ పట్టుకుని ఇంటికొచ్చింది. ముందుగదిలోనే అమ్మ కుట్టుమిషను. గోడకి కత్తిరించిన గుడ్డలు, మేకుకి వేలాడే టేపు, మిషను పక్కన కొలతల పుస్తకం. బొమ్మ ఏమిటని అమ్మ అడిగితే చిట్టి చెప్పింది. ఇరవయ్యొక్కేళ్లు, ఒకే కొలత.

అమ్మ మిషను ఆపింది. అంత నికరమైన కొలత దర్జీ జన్మలో చూడలేదంది. ఆ పైన హెడ్మాస్టరు గారి సంగతి చెప్పింది. ఆయన పదేళ్లుగా ప్యాంటు కుట్టించుకుంటున్నారు. నడుము ముప్పై నాలుగని పట్టుబడతారు. కొలవబోతే చిన్నబుచ్చుకుంటారు.

"అందుకని పుస్తకంలో ముప్పై నాలుగే రాస్తాను. ప్యాంటుకి మాత్రం ప్రతిసారీ కుట్టు కాస్త వదులు చేస్తాను" అంది అమ్మ. "నీ చెరువుకి కూడా ఎవరో కుట్టు విప్పుతున్నారే చిట్టీ. వెళ్లి చూసుకో."

చిట్టి నవ్వేసింది గానీ ఆ మాట ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుపోయింది. రెండేళ్లుగా చెరువు గురించి చదువుతూ ఆ మెట్లన్నీ దిగి చెరువుని కొలిచే చోటికి తాను ఒక్కసారైనా వెళ్లలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ మాటకొస్తే ఎవరూ వెళ్లలేదు. 'క్షేత్ర పద్ధతులు' అన్న పాఠం కూడా ఏసీ గదిలోనే చెప్పారు, బయట దుమ్ము ఎక్కువని.

మర్నాడు పొద్దున్నే వెళ్లింది. చెరువు లోతుగా ఉండే వైపు రాతి గోడ, దాని పక్కన నీళ్లలోకి దిగే మెట్లు. గోడకి తెల్ల ఎనామెల్ పలక, దాని మీద నల్ల గీతలు, అంకెలు. దాన్ని అందరూ గేజి అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి మెట్ల పైన రేకుల గదిలో ఉంటాడు. ఇరవై రెండేళ్ల నుంచీ అదే ఉద్యోగం కావడంతో ఊరంతా అతన్ని గేజి బాబాయ్ అని పిలుస్తుంది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు.

చిట్టి మెట్లు దిగుతూ గోడ వైపు చూసింది. ఏడో మెట్టు ఎదురుగా గోడలో నాలుగు బోల్టు రంధ్రాలు, సిమెంటుతో పూడ్చినవి. కాస్త కింద మరో నాలుగు. ఇంకాస్త కింద ఇంకో నాలుగు. చొక్కాకి గుండీలు పీకేస్తే మిగిలే చిల్లుల్లా అవి వరసగా కిందికి, కిందికి పోతున్నాయి. ఆఖరి వరసలో పలక ఉంది. దాని అడుగు నీళ్లని అంటీ ముట్టనట్టు ఉంది. చిట్టి ఒక రంధ్రంలోని సిమెంటుని వేలితో తడిమింది.

గేజి బాబాయ్ చేతిలో పానాతో దిగివచ్చాడు. పలకని ఎవరు కిందికి దించారని ఆమె అడిగితే, ఏ దాపరికమూ లేకుండా తానేనన్నాడు.

"మొదటిసారి ఎండలకి నీళ్లు పలకని వదిలి కిందికి పోయాయమ్మా. గడి ఖాళీగా ఉంచి ఫారం పంపాను. ఖాళీ ఉండకూడదని తిప్పి పంపారు. సున్నా వేసి పంపాను. సున్నా వేస్తే యంత్రం ఒప్పుకోదట, మళ్లీ తిరిగొచ్చింది. మరేం చేయమంటారని ఫోను చేశాను. పలక నీళ్లలో ఉండేలా చూసుకోవడం నీ డ్యూటీ అన్నారు. చూసుకుంటున్నాను."

"ఎన్నిసార్లు దించారు బాబాయ్?"

"పధ్నాలుగు. ప్రతిసారీ ఎన్ని సెంటీమీటర్లు దించానో రిమార్కుల్లో రాశాను కదా. మీరు చదవలేదా?"

కేంద్రం పరువు కాపాడాలా, తన పరువు కాపాడుకోవాలా అన్నది తేలక చిట్టి నేల చూపులు చూసింది. ఆ ఫారంలో మూడు గడులున్నాయి: తేదీ, నీటిమట్టం, రిమార్కులు. కంప్యూటరులో ఉన్నవి రెండే.

పాత ఫారాలన్నీ కేంద్రంలో మెట్ల కింద చీకటి గదిలో కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. మూడు రోజులు చిట్టి ఆ దుమ్ములో తుమ్ముతూ కూర్చుంది. వెయ్యికి పైచిలుకు కాగితాలు. వాటిలో చాలావాటికి మూడో గడి ఖాళీ. పధ్నాలుగింటి మీద మాత్రం గుండ్రటి చేతిరాతతో ఒకే రకం వాక్యం: 'నీరు అందనందున గేజిని నలభై నాలుగు సెం.మీ. కిందికి దించడమైనది. తమరి పరిశీలనార్థం.' ఒక ఏడు నలభై ఒకటి, మరో ఏడు యాభై. ఇంత వినయంగా నిజం చెప్పినవాణ్ణి ఇంత నిశ్చింతగా పట్టించుకోకపోవడం ఒక్క చదువుకున్నవాళ్లకే సాధ్యం. ఆమె అన్నీ కూడింది. ఆరు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు. అమ్మ టేపు నాలుగు నిలువులు పెట్టినా ఇంకా మిగులుతుంది.

ఆ లెక్క వేసి మళ్లీ గీస్తే హాలులోని తిన్నటి గీత మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది. ఆ కాగితం తీసుకుని ఆమె సార్ గదికి వెళ్లింది. సార్ కళ్లజోడు తుడుచుకుని ఓపిగ్గా విన్నారు. చివర్లో కిటికీ వైపు చెయ్యి చూపించారు. దూరంగా నీళ్లు మెరుస్తున్నాయి.

"అదిగో, కనిపిస్తూనే ఉందిగా. చూడమ్మా, రిమార్కులు డేటా కాదు. అవి ఆయన అభిప్రాయాలు" అన్నారు.

సెంటీమీటర్లలో అభిప్రాయం ఎలా ఉంటుందని చిట్టి అడగబోయింది. సార్ మృదువుగా అడ్డుపడ్డారు. విషయం మార్చాలంటే కమిటీ కూర్చోవాలనీ, కమిటీ వచ్చే ఏడాది గానీ కూర్చోదనీ చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. కేంద్రం ఆస్తిని అనుమతి లేకుండా కదిలించాడని ఆ ముసలాయన మీద విచారణ పెట్టాల్సి వస్తుందట, రిటైరయ్యే ముందు ఎందుకొచ్చిన గొడవ అన్నారు. అంతలోనే తండ్రిలా నవ్వి దారి కూడా చూపించారు. అంతగా మనసు ఒప్పకపోతే ఆ లెక్కలన్నీ చివర్లో అనుబంధంగా పెట్టుకోవచ్చట. అనుబంధాలు ఎవరూ చదవరట.

చిట్టి అలాగేనంది. ఐదు అధ్యాయాల్లో జనం భ్రమ, వెనకాల నాలుగో అనుబంధంలో ఆరు మీటర్ల నిజం. ఇది పిరికితనమని ఆమెకి తెలుసు. వ్యాసం బైండింగుకి ఇచ్చి వచ్చిన రోజు అన్నం సహించలేదు. అమ్మ అడిగితే తలనొప్పి అంది. సార్ వ్యాసంలో మొదటి పేజీ, తన పేరున్న కృతజ్ఞతల పేజీ చదివి సంతకం చేశారు.

మౌఖిక పరీక్షకి వేరే ఊరి నుంచి ఒక పరీక్షాధికారిణి వచ్చారు. అరవై దాటిన మనిషి, చేతికర్ర, మోకాలికి పట్టీ. సార్ ఆవిడకి మంచి కప్పులో టీ ఇప్పించారు, కిటికీ ఎదురుగా కుర్చీ వేయించారు. ఆవిడ టీ తాగలేదు, కిటికీ వైపూ చూడలేదు. వ్యాసం తెరిచి ఒళ్లో పెట్టుకున్నారు. తెరిచింది వెనకనుంచి.

"నాకు వెనకనుంచి చదివే అలవాటమ్మా" అన్నారు. "ముందు పేజీలు పిల్లలు గైడు కోసం రాస్తారు. నీ ఐదో అధ్యాయం జనానికి భ్రమ అంటోంది. నీ నాలుగో అనుబంధం నీళ్లు ఆరు మీటర్లు పడిపోయాయంటోంది. రెండూ నిజం కావు కదా. నువ్వు దేనిమీద నిలబడతావు?"

చిట్టి సార్ వైపు చూసింది. సార్ మొహంలో కోపం లేదు, 'సగటున ఏదో ఒకటి చెప్పేయ్' అన్నట్టు ఉంది. ప్రయోగశాల ఉద్యోగం, అమ్మ మిషను, చీకటి గదిలో ఆ గుండ్రటి చేతిరాత, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. సార్ వైపునుంచి చూపు మరల్చుకుంది.

"అనుబంధం మీద మేడం. జనానికి భ్రమ లేదు. చెరువులో నీళ్లు లేవు."

అటెండరు చేతిలో టీ పళ్లెం ఆగిపోయింది. సార్ మాత్రం తడబడలేదు. అనుమానం ఉంటే వెళ్లి చూసి వద్దాం, గేజి చూస్తే తేలిపోతుందన్నారు. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదని చెప్పుకోవాలి. గేజి ఎన్నడూ అబద్ధం చెప్పదని ఆయన గట్టి నమ్మకం. అతిథులొస్తున్నారు గనక గేజి శుభ్రంగా నీళ్లలో ఉండేలా చూడమని ముందురోజే కబురు కూడా పంపారు. పెళ్లివారు వస్తున్నారంటే పిల్లకి తల దువ్వమన్నట్టు, అంతే ఆయన ఉద్దేశం.

ముగ్గురూ కారులో చెరువు దగ్గరికి వెళ్లారు. సార్ ఆ మెట్ల దగ్గరికి వచ్చి పదకొండేళ్లయింది. పరీక్షాధికారిణి ఒక్కో మెట్టుకీ కర్ర ఆనించి, లెక్కపెట్టుకుంటూ దిగుతున్నారు. ఏడో మెట్టు దగ్గర సార్ ఆగారు. ఒకప్పుడు బహుమతి అందుకున్న రోజున బూట్లు విప్పి కాళ్లు కడుక్కుని ఫోటో దిగింది ఆ మెట్టు మీదే. మేకపెంటికలు తప్పించుకుంటూ ఆయన చుట్టూ చూశారు.

నలభై ఐదో మెట్టు దగ్గర నీళ్లు మొదలయ్యాయి. గేజి పలక తళతళలాడుతూ నీళ్లలో నిలబడి ఉంది. నీటి గీత సరిగ్గా నలభై మీద. సార్‌కి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా మేడం? ఇరవయ్యొక్కేళ్లుగా ఇదే నెలలో నలభై. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ లేదు" అన్నారు.

పరీక్షాధికారిణి పలకని చూడలేదు, పలక చుట్టూ చూశారు. బోల్టుల కింద రాతిపొడి ఇంకా తెల్లగా ఉంది. గజం దూరంలో గేజి బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్న ఈ పలక ఎంత చూపించిందని ఆవిడ అతన్ని అడిగారు.

"నిన్న దీనికి నీళ్లే అందలేదమ్మగారూ" అన్నాడు గేజి బాబాయ్. "పెద్దవాళ్లొస్తున్నారు, నీళ్లలో ఉంచమన్నారు. పొద్దున్నే దించాను."

దించినట్టు ఎక్కడైనా రాశావా అని ఆవిడ అడిగితే, అతను జేబులోంచి ఆ వారం ఫారం తీసి విప్పాడు. మూడో గడిలో సిరా ఇంకా కొత్తగా ఉంది: 'తమరి ఉత్తర్వు మేరకు గేజిని నలభై సెం.మీ. కిందికి దించడమైనది. తమరి పరిశీలనార్థం.' ఆవిడ కర్ర చంకలో పెట్టుకుని, సార్ జేబులోని పెన్ను అడిగి తీసుకుని, ఆ వాక్యం కింద 'పరిశీలించాను' అని రాసి సంతకం పెట్టారు. ఇరవయ్యొక్కేళ్లలో ఆ గడి చదివి సంతకం పెట్టిన మొదటి మనిషి ఆవిడే. గేజి బాబాయ్ కళ్లు చెమర్చాయి. అతను ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో దాచుకున్నాడు.

చిట్టి పాసయింది. విచారణ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పరీక్షాధికారిణి ఫలితం ఫారం నింపి, చెరువు గురించీ, గేజి గురించీ, గీతని వెంటనే సరిదిద్దాలనీ రెండు పేజీలు రాసి జతచేశారట. చిట్టి ఇంటికి వెళ్లి అమ్మని కావలించుకుని ఏడ్చింది. అమ్మ మిషను మీద కుడుతున్న గుడ్డని పక్కకి నెట్టి, ఆ పూటకి పని కట్టేసింది.

నెల తిరిగేసరికి డిగ్రీ కాగితం వచ్చింది. పైన ఇత్తడిరంగు ముద్ర, మధ్యలో చిట్టి అసలు పేరు, దాని కింద మూడు వరసలు. సిద్ధాంత వ్యాసం: 'చెరువు తగ్గిందన్న ప్రజల భ్రమకు కారణాలు.' ఫలితం: ఉత్తీర్ణత. శ్రేణి: ప్రథమ. అంతే. పరీక్షాధికారిణి రాసిన ఆ రెండు పేజీలు ఏమయ్యాయని ఆమె పరీక్షల విభాగంలో గుమస్తాని అడిగింది. అతను ఫైలు తీసి మర్యాదగా చూపించాడు. రెండు పేజీలూ భద్రంగా ఉన్నాయి. ఫలితం ఫారంలో రిమార్కుల గడికి గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. కంప్యూటరులో ఆ గడి లేదన్నాడు.

చిట్టి ఆ కాగితం పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడింది. దీనికోసమేగా ఇంత తిప్పలు పడింది. చేతికొచ్చింది. ఉద్యోగమూ ఖాయమే. కానీ ఊరి జనమంతా భ్రమలో ఉన్నారని రుజువు చేసిన పిల్ల అని తన పేరు మీద ముద్ర గుద్దేశారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియని సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. హాలులోకి వస్తే అద్దాల చట్రంలో గీత తిన్నగానే ఉంది. ఏడాది ఇంకా పూర్తికాకుండానే దానికి కుడివైపు ఈ ఏడు చుక్క కూడా చేర్చారు. నూట ఇరవై. పైన సార్ గది కిటికీకి మాత్రం కొత్తగా మందపాటి తెర వేలాడుతోంది. గదిలోకి ఎండ కొడుతోందని వేయించారట.

వానలు ఆ ఏడు మొహం చాటేశాయి. సోమవారం పొద్దున చిట్టి ఎర్రరంగు డబ్బా, కుంచె కొనుక్కుని చెరువుకి వెళ్లింది. అమ్మ కూడా మిషను మూసి, మెళ్లో టేపు వేసుకుని వెంట వచ్చింది. పై వరస రంధ్రాల దగ్గర్నుంచి ఒక్కో వరస పక్కన, ఏ ఏడు ఎంత దిగిందో చిట్టి గోడ మీద అరచేతంత అంకెలు వేసుకుంటూ దిగింది. గేజి బాబాయ్ ఏళ్లు చెప్పాడు, అమ్మ టేపు పట్టింది. కంప్యూటరు ఒప్పుకోకపోతే పోయింది, గోడ ఒప్పుకుంది. నడకకి వచ్చినవాళ్లు, బట్టలు ఉతకడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆగి చూడసాగారు. ఒక ముసలావిడ తన కూతురి పెళ్లయిన ఏడు అంకె మీద వేలు పెట్టి, కింద నీళ్ల వైపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మ ఏడో మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఇక్కడే కదే నీ కాళ్లు కడిగేదాన్ని" అంది.

ఆఖరి అంకె వేసేసరికి ఎండ నెత్తికెక్కింది. కొత్తగా దించిన పలక కూడా అప్పటికే పొడి గోడ మీదే ఉంది. నీళ్లు నాలుగు వేళ్ల కింద మొదలయ్యాయి. గేజి బాబాయ్ అలవాటుగా పానా అందుకున్నాడు. బోల్టు దాకా చెయ్యి పోనిచ్చి ఆగాడు. ఇంకో రెండు సోమవారాలు గడిస్తే అతని ఉద్యోగం అయిపోతుంది. చిట్టి మొహంలోకి చూశాడు. అతను పానాని మెట్టు మీద పెట్టి, ఫారం తీసి, మోకాలి మీద పెట్టుకుని, మూడో గడిని ఖాళీగా వదిలేశాడు. అంకె వెయ్యాల్సిన రెండో గడిలో, పక్కగళ్లలోకి కూడా పాకేలా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'నీళ్లు గేజిని వదిలి వెళ్లిపోయాయి.'

మధ్యాహ్నం ఫారం చేరగానే కేంద్రం నుంచి ఫోను వచ్చింది. రెండో గడిలో అక్షరాలుంటే కంప్యూటరు తీసుకోవడం లేదనీ, అది తీసుకోకపోతే మిగతా ఏ లెక్కా ముందుకి కదలడం లేదనీ, ఏదో ఒక అంకె చెప్పమనీ అవతలి గొంతు బతిమాలింది. చెప్పమన్నది సగటు సారేనట, పక్కనే ఉన్నారట.

గేజి బాబాయ్ ఎర్రరంగు ఇంకా ఆరని గోడని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

"అంకెలన్నీ గోడ మీద ఉన్నాయండీ" అన్నాడు. "సార్‌నే ఒకసారి దిగి వచ్చి, ఏది వెయ్యాలో చూసుకోమనండి."